ఏడు సీట్లూ నిండాక కారు ఎంత లాగగలదో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక వాహనాల పేజీలో ఏడు సీట్ల కుటుంబ కార్ల గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇంజిన్, మైలేజీ, తెర సైజు, సన్‌రూఫ్, సీట్ల కవర్ల వరకు ఎంతో వివరంగా రాసిన ఆ వ్యాసంలో ట్రైలర్ లాగే సామర్థ్యానికి మాత్రం ఒక్క వాక్యం, అందులో ఒక్క అంకె దక్కాయి. ఏడుగురు కూర్చునే కారు కావాలనుకునే కుటుంబాల్లో పడవనో, లోపల ఉండి వండుకుని పడుకునే కారవాన్‌నో, గుర్రాన్ని తీసుకెళ్లే బండినో, సామాన్ల ట్రాలీనో వెనుక తగిలించుకుని ప్రయాణించేవారు ఉంటారు. అలాంటివారు ఆ ఒక్క అంకెను నమ్ముకుని కారు ఎంచుకుంటే, కొన్న తరువాత తెలిసే విషయాలు చాలా ఉంటాయి. వాటిని కొనక ముందే తెలుసుకునే వీలు కల్పించడం పత్రికల చేతిలో ఉన్న పని అన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

కంపెనీ ‘2,500 కిలోలు లాగుతుంది’ అని ప్రకటిస్తే అది అబద్ధం కాదు. కాని చాలా మోడళ్లలో ఆ అంకె కారులో డ్రైవర్ తప్ప దాదాపు ఎవరూ లేనప్పుడే పూర్తిగా వర్తిస్తుంది. ఎందుకంటే కారు తనపై ఎంత బరువు మోయవచ్చన్నది ఒక పరిమితి, ట్రైలర్ ఎంత బరువు ఉండవచ్చన్నది మరొకటి, కారూ ట్రైలరూ కలిసి మొత్తం ఎంత దాటకూడదన్నది ఇంకొకటి. మొదటి రెండింటినీ నిండా వాడుకుంటే మూడోది దాటిపోయే కార్లు ఎన్నో ఉన్నాయి. అంటే లోపల మనుషులను ఎక్కించుకున్న కొద్దీ వెనుక లాగగల బరువు తగ్గుతూ వస్తుంది. ఐదు సీట్ల కారు కొనేవారికి ఈ సంగతి అంతగా ఇబ్బంది పెట్టకపోవచ్చు గాని, మూడో వరుస వాడుకోవడం కోసమే ఏడు సీట్ల కారు కొనేవారికి అసలు లెక్కంతా ఇక్కడే ఉంది.

ఒక మధ్య తరహా ఏడు సీట్ల కారును ఊహించుకుందాం. యూరప్ పద్ధతిలో 75 కిలోల డ్రైవర్‌ను కూడా కలుపుకుని దాని ఖాళీ బరువు 1,800 కిలోలు, నిండినప్పుడు ఉండదగిన గరిష్ఠ బరువు 2,450 కిలోలు, ట్రైలర్‌తో కలిపి గరిష్ఠం 4,300 కిలోలు, ప్రకటనలో కనిపించే లాగుడు సామర్థ్యం 2,500 కిలోలు అనుకుందాం. కారు మోయగలిగేది 650 కిలోలు. డ్రైవర్ కాక మిగిలిన ఆరుగురూ సగటున 70 కిలోల చొప్పున 420 కిలోలు. ట్రైలర్‌ను తగిలించడానికి కారు వెనుక బిగించే కొక్కెం, అంటే హిచ్, దాని సరంజామా 25 కిలోలు. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు 100 కిలోలు. ఇక మిగిలింది 105 కిలోలు, అంటే మనిషికి 15 కిలోల సామాను. పైకప్పు మీద పెట్టె బిగించడానికి చోటు ఉన్నా బరువుకు అవకాశం లేదు. ఇలా నిండిన కారు బరువు, హిచ్ మీది 100 కిలోలను ట్రైలర్ లెక్కలోనే ఉంచితే, 2,350 కిలోలు. 4,300లో అది పోగా ట్రైలర్‌కు మిగిలేది 1,950 కిలోలు. ప్రకటనలోని అంకె కన్నా 550 కిలోలు తక్కువ.

అంతటితో అయిపోలేదు. ట్రైలర్ లాగడం కొత్తగా మొదలుపెట్టేవారు నిండిన ట్రైలర్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకుండా చూసుకోవాలని బ్రిటన్‌లోని కారవాన్ సంఘాలు ఎంతో కాలంగా సలహా ఇస్తున్నాయి. ఇది చట్టం కాదు, అనుభవం మీద ఏర్పడిన జాగ్రత్త. బరువైన ట్రైలర్ తేలికైన కారును తన ఇష్టం వచ్చినట్టు తోసేస్తుందన్నది దాని వెనుక ఉన్న కారణం. ఆ లెక్కన మన 1,800 కిలోల కారుకు తగిన ట్రైలర్ 1,530 కిలోలే. కాబట్టి కుటుంబంతో బయలుదేరేవారు ‘ఇది ఎంత లాగుతుంది’ అని అడగడం కన్నా, తమ ట్రైలర్ సామాన్లతో సహా ఎంత తూగుతుందో ముందుగా వేబ్రిడ్జి మీద తూకం వేయించుకుని, ఆ కాగితం చేత పట్టుకుని కారు వెతకడం మేలు. ట్రైలర్ తయారీదారు చెప్పే ఖాళీ బరువును నమ్ముకోకూడదు. నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండర్, బ్యాటరీ, మడత కుర్చీలు ఎక్కించేసరికి అది ఎక్కడికో వెళ్లిపోతుంది.

కారు పరిమితులు తెలుసుకోవడానికి సేల్స్‌మన్ నోటి మాట అక్కర్లేదు. యూరప్ నిబంధనల ప్రకారం తయారైన కార్లలో తలుపు స్తంభం మీదనో, బానెట్ కిందనో ఒక చిన్న పలక అంటించి ఉంటుంది. అందులో ఒకదాని కింద ఒకటిగా నాలుగు బరువులు ఉంటాయి. మొదటిది కారు గరిష్ఠ బరువు, రెండోది ట్రైలర్‌తో కలిపిన గరిష్ఠ బరువు, మూడోది ముందు ఇరుసు భరించే బరువు, నాలుగోది వెనుక ఇరుసు భరించే బరువు. రెండో దాని నుంచి మొదటిది తీసేస్తే, కారును నిండా నింపిన తరువాత కూడా నిశ్చింతగా లాగదగిన బరువు తెలుస్తుంది. షోరూములో నిలబడి అర నిమిషంలో చేసుకోగల తీసివేత ఇది. బ్రోషర్‌లోని పెద్ద అక్షరాల కన్నా ఈ పలకకే విలువ ఎక్కువని నా అభిప్రాయం.

నాలుగో అంకెను ఎవరూ పట్టించుకోరు గాని, ఏడు సీట్ల కార్లలో అన్నిటికన్నా ముందు దాటిపోయేది చాలాసార్లు అదే. హిచ్ వెనుక ఇరుసుకు ఆవల ఉంటుంది కాబట్టి అక్కడ పడే బరువు తూగుడుబల్లలా పనిచేస్తుంది. వీల్‌బేస్, అంటే ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం, 2.8 మీటర్లు, హిచ్ బంతి వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, హిచ్ మీద మోపిన 100 కిలోలు వెనుక ఇరుసు మీద సుమారు 143 కిలోలుగా పడతాయి. అదే సమయంలో ముందు ఇరుసు మీది నుంచి 43 కిలోలు తగ్గుతాయి. మూడో వరుసలో కూర్చున్నవారి బరువు కూడా దాదాపుగా వెనుక ఇరుసు మీదే పడుతుంది, వారి వెనుక డిక్కీలో పెట్టిన సామానుదీ అదే దారి. కారు వెనుక భాగం కుంగి, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి లేస్తాయి. స్టీరింగ్ తేలికై, ముందు చక్రాల డ్రైవ్ ఉన్న కారైతే తడిసిన ఎత్తుదారిలో ముందు టైర్లు జారుతాయి. అందువల్ల వెనుక సస్పెన్షన్ తనంతట తాను ఎత్తు సర్దుకునే ఏర్పాటు ఉన్న కారు దొరికితే, తోలు సీట్లు వదులుకుని అయినా దానిని తీసుకోమని చెబుతాను. అయితే అది కారును సమంగా నిలబెడుతుందే తప్ప ఇరుసు పరిమితిని పెంచదు. టైర్ల లోడ్ ఇండెక్స్ కూడా చూసుకోవాలి. టైరు మీద 100 అని ఉంటే ఒక్కో టైరు మోయగలిగేది 800 కిలోలు, 104 అని ఉంటే 900 కిలోలు. నిండు బరువుకు కంపెనీ చెప్పిన గాలి పీడనం మామూలు పీడనం కన్నా ఎక్కువ ఉంటుంది; ఆ మేరకు గాలిని బయలుదేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే నింపించుకోవాలి.

హిచ్ మీద ఇంత భారం ఎందుకు, ట్రైలర్‌ను వెనక్కి బరువెక్కిస్తే పోదా అని కొందరు అంటారు. అది చాలా ప్రమాదకరమైన ఆలోచన. బరువు ట్రైలర్ ఇరుసుకు వెనుక వైపు ఎక్కువైతే వేగం పెరిగిన కొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఒక హద్దు దాటాక ఆ ఊపు దానంతట అది తగ్గదు, కారును కూడా ఊపేస్తుంది. యూరప్‌లో ట్రైలర్ బరువులో 5 నుంచి 7 శాతం, అమెరికాలో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలని చెబుతారు. కారుకూ హిచ్‌కూ విడివిడిగా ఉన్న పరిమితుల్లో తక్కువదాన్ని దాటకూడదు. దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. చదునైన నేల మీద ట్రైలర్‌ను నిలిపి, చక్రాలకు అడ్డాలు పెట్టి, మనం బరువు చూసుకునే ఇంటి తూకం యంత్రాన్ని హిచ్ కింద ఉంచి, దాని మీద తగిన ఎత్తు గల కర్రదుంగను నిలువుగా నిలబెట్టి, ట్రైలర్ ముందున్న చిన్న చక్రాన్ని నెమ్మదిగా పైకి లేపితే బరువంతా దుంగ మీదుగా యంత్రం మీదికి దిగుతుంది. ట్రైలర్ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు కనిపించే అంకెనే తీసుకోవాలి. యంత్రం తట్టుకునే బరువుకు మించదన్న నమ్మకం ఉంటేనే ఇలా చేయాలి. ఒక బరువైన సంచిని ట్రైలర్‌లో వెనుక నుంచి ముందుకు జరిపి మళ్లీ తూచి చూస్తే, సామాను ఎక్కడ పెట్టామన్నది ఎంత తేడా తెస్తుందో కళ్లారా కనిపిస్తుంది.

‘మరీ పెద్ద కారు కొంటే ఈ బాధలేవీ ఉండవు కదా’ అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. ల్యాండ్ రోవర్ డిస్కవరీ, టయోటా ల్యాండ్ క్రూజర్ 300 వంటివి 3,500 కిలోలు లాగుతాయన్నది నిజమే. కాని ఆస్ట్రేలియాలో పాటించే 10 శాతం లెక్కన 3,500 కిలోల ట్రైలర్ హిచ్ మీద 350 కిలోలు మోపుతుంది. అది 70 కిలోల చొప్పున ఐదుగురు పెద్దల బరువు. కారు మోయగల బరువులోంచి అది పోయాక ఏడుగురినీ ఎక్కించుకుని సామాను పెట్టడం ఎంత పెద్ద కారుకైనా కష్టమే. కాబట్టి ఏడుగురూ నిండుగా కూర్చునే ప్రయాణాలూ, బరువైన ట్రైలర్ ప్రయాణాలూ ఒకే రోజున కలుస్తాయా, వేర్వేరుగా ఉంటాయా అన్నది కుటుంబం ముందుగా తేల్చుకోవాలి. వేర్వేరు అయితే మధ్య తరహా కారు చాలు. ఒకే రోజున అయితే ట్రైలర్‌ను తేలిక చేసుకోవడం, కారును పెద్దది చేసుకోవడం కన్నా తెలివైన పని.

ఇక ఇంజిన్ సంగతి. ఒకే పేరు గల కారులో ఇంజిన్ మారితే లాగుడు సామర్థ్యం ఎంత మారుతుందో చాలామందికి తెలియదు. 2020లో వచ్చిన నాలుగో తరం కియా సోరెంటోనే తీసుకుంటే, బ్రిటన్‌లో అమ్మిన డీజిల్ రకం 2,500 కిలోలు, హైబ్రిడ్ 1,650 కిలోలు, బయటి నుంచి చార్జింగ్ చేసుకునే ప్లగ్ఇన్ హైబ్రిడ్ 1,500 కిలోలు లాగడానికి అనుమతి పొందాయి. బయటి నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. ఏ రకం గురించి రాస్తున్నారో చెప్పకుండా వ్యాసంలో ‘సోరెంటో 2,500 కిలోలు లాగుతుంది’ అని రాస్తే హైబ్రిడ్ కొన్న పాఠకుడి పరిస్థితి ఏమిటి? విద్యుత్ కార్లదీ ఇదే కథ. యూరప్‌లో అమ్మే కియా ఈవీ9 నాలుగు చక్రాల డ్రైవ్ రకానికి 2,500 కిలోల అనుమతి ఉంటే, రెండు చక్రాల డ్రైవ్ రకానికి 900 కిలోలే ఉంది. పెద్ద ట్రైలర్ తగిలిస్తే విద్యుత్ కారు ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం సగానికి సగం పడిపోవడం మామూలు. పైగా చాలా చార్జింగ్ స్టేషన్లలో కారు ముందుకు దూరి ఆగేలా గడులు కట్టి ఉంటాయి గనుక ట్రైలర్‌ను విప్పి పక్కన పెడితే తప్ప చార్జింగ్ కుదరదు. పిల్లలతో, పెద్దవారితో వెళ్లేవారు ఈ శ్రమను లెక్కలోకి తీసుకోవాలి.

లాగడానికి గుర్రపు శక్తి కన్నా ఇంజిన్ తక్కువ వేగంలోనే అందించే టార్క్, అంటే తిప్పే బలం, ముఖ్యం. 2.0 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్ల లోపే 350 నుంచి 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఇవ్వగలదు కాబట్టి ఈ పనికి ఇప్పటికీ దానికే నా ఓటు. గేర్‌బాక్స్‌ల విషయానికి వస్తే, క్లచ్‌కు బదులు ద్రవం ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ నిదానంగా కదలడానికి, ఎత్తుదారిలో వెనక్కి తీయడానికి బాగా అనుకూలం. అదే పని నూనె చల్లదనం లేని ‘డ్రై’ క్లచ్‌లు రెండింటితో నడిచే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌తో పదే పదే చేస్తే క్లచ్‌లు వేడెక్కుతాయి. మాన్యువల్‌లోనూ క్లచ్ అరుగుదల తప్పదు. కంపెనీ ఇచ్చే టోయింగ్ ప్యాకేజీ అంటే హిచ్ ఒక్కటే అనుకోరాదు. చాలా కార్లలో అదనపు రేడియేటర్ సామర్థ్యం, గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్, ట్రైలర్ ఊగడాన్ని గుర్తించి చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఏర్పాటు అందులోనే వస్తాయి. బయట చవకగా వైరింగు చేయిస్తే లైట్లు వెలుగుతాయి గాని, ట్రైలర్ తగిలించి ఉన్నదన్న సంగతి కారు కంప్యూటర్‌కు తెలియకపోవచ్చు. అప్పుడు ఆ రక్షణ ఉన్నా లేనట్టే.

కొండ దారుల గురించి ఒక్క మాట. యూరప్‌లో ఒక కారుకు లాగుడు అనుమతి ఇవ్వాలంటే అది నిండిన ట్రైలర్‌తో 12 శాతం వాలులో ఐదు నిమిషాల వ్యవధిలో ఐదుసార్లు ఆగి కదలగలగాలి. అంటే ఆ అంకె కదలగలగడానికి సంబంధించిన అంకె. గంటల తరబడి ఘాట్ రోడ్డు ఎక్కడం వేరు. ఎత్తుకు వెళ్లిన కొద్దీ గాలి పలుచబడి ఇంజిన్ శక్తి తగ్గుతుంది కాబట్టి, సముద్ర మట్టానికి 1,000 మీటర్లు దాటాక ప్రతి 1,000 మీటర్లకు మొత్తం బరువును 10 శాతం తగ్గించుకోమని చాలా కంపెనీల మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండి ఇంజిన్ పట్టు వాడుకోకపోతే బ్రేకులు కాగిపోతాయి. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే యూరప్‌లో 750 కిలోలు దాటకూడదు, కారు ఖాళీ బరువులో సగం అంతకన్నా తక్కువైతే ఆ సగమే పరిమితి. నా దృష్టిలో కుటుంబంతో వెళ్లేవారు అంతకన్నా తేలికైన ట్రైలర్‌కు కూడా బ్రేకులు ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

బరువుల లెక్క తేలాక కూడా కారు పనికొస్తుందా లేదా అన్నది మూడో వరుస తేల్చాలి. చాలా ఏడు సీట్ల ఎస్‌యూవీలలో మూడో వరుస నేల ఎత్తుగా ఉండి, పెద్దవారు మోకాళ్లు గుండెల దాకా ముడుచుకుని కూర్చోవలసి వస్తుంది. ఆ వరుస ఎత్తితే డిక్కీలో రెండు చేతిసంచులకు మించి చోటు ఉండదు. వ్యాన్‌ను పోలిన ఏడు సీట్ల కుటుంబ కార్లు, అంటే ఎంపీవీలు, చూపులకు అంత దర్జాగా ఉండకపోయినా, పొడవైన వీల్‌బేస్, జరిగే తలుపులు, చదునైన నేల ఉండటం వల్ల కుటుంబానికి ఎక్కువ ఉపయోగం. వాటి లాగుడు పరిమితి తక్కువ అయినా, ముందు చెప్పిన లెక్క ప్రకారం అనేక కుటుంబాలకు అది సరిపోతుంది. ట్రైలర్ తగిలించాక మాత్రమే బయటపడే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. ట్రైలర్ ముందుండే చిన్న చక్రపు పిడి డిక్కీ తలుపుకు అడ్డం వచ్చి, తలుపు సగంలోనే ఆగిపోవచ్చు. మోటారుతో తెరుచుకునే తలుపైతే దానికి తగిలి దెబ్బ తింటుంది. రెండో వరుసలో పిల్లల సీటు బిగించి ఉంటే ఆ సీటు ముందుకు మడవడం కుదరక, మూడో వరుసలోని వారు దిగడానికి దారే ఉండదు. డిక్కీ వైపు నుంచి దిగుదామంటే అక్కడ ట్రైలర్ ఉంది. పిల్లల సీటు తీయకుండానే ముందుకు జరిగే రెండో వరుస ఉన్న కార్లు కొన్ని ఉన్నాయి, అవే కావాలి. పక్క ఎయిర్‌బ్యాగులు మూడో వరుస దాకా వస్తున్నాయో లేదో, స్టెప్నీ కారు అడుగున ఉంటే హిచ్ బిగించాక దాన్ని బయటికి తీయగలమో లేదో కూడా అడగాలి. అందుకే టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకుండా ఇంటిల్లిపాదీ వెళ్లి, ఎవరి సీట్లో వారు కూర్చుని, వీలైతే సొంత ట్రైలర్‌నే తగిలించి చూడాలని నా మనవి.

వాడిన కారు కొనేవారు హిచ్ బిగించిన చోట తుప్పు, బోల్టుల చుట్టూ పగుళ్లు, గేర్‌బాక్స్ ఆయిల్‌లో మాడిన వాసన, వెనుక సస్పెన్షన్ కుంగుదల చూసుకోవాలి. హిచ్ విప్పేసి అమ్మిన కార్లలో బంపరు అడుగున కోసిన గుర్తు కనిపిస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలు దేశానికో రకంగా ఉన్నాయి కాబట్టి, తమ లైసెన్సు ఎంత బరువు ట్రైలర్‌కు చెల్లుతుందో, బీమా పాలసీలో ట్రైలర్ ప్రస్తావన ఉందో లేదో కూడా ముందే నిర్ధారించుకోవడం అవసరం.

ఇకపై ఏడు సీట్ల కార్లను సమీక్షించేటప్పుడు ప్రతి ఇంజిన్ రకానికి విడిగా కారు మోయగల బరువు, ట్రైలర్‌తో కలిపిన గరిష్ఠ బరువు, హిచ్ మీద పడదగిన బరువు, వెనుక ఇరుసు పరిమితి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వాటి పక్కనే, ఏడుగురూ కూర్చుని మనిషికి 15 కిలోల సామాను పెట్టుకున్న తరువాత ట్రైలర్‌కు ఎన్ని కిలోలు మిగులుతాయో లెక్క కట్టి వేయండి. మీ సమీక్షకులు కారును నడిపి చూసేటప్పుడు ఒక్కసారైనా మూడో వరుసలో పెద్దవారిని కూర్చోబెట్టి, వెనుక ట్రైలర్ తగిలించి, డిక్కీ తలుపు తెరుచుకుంటుందో లేదో చూసి రాయండి. ఈ వివరాలన్నీ కంపెనీల సాంకేతిక పత్రాల్లో, కారు మీది పలకలో ఉన్నవే, సేకరించడం మీ సిబ్బందికి కష్టం కాదు.

ఇట్లు
మీ పాఠకుడు